వాల్యూమ్ ఎంత పెట్టాలి?

కొత్తగా స్టీరియో కొన్నవాళ్లు తరచూ అడిగే మాట: నాబ్ ఎక్కడిదాకా తిప్పొచ్చు? దాని చుట్టూ ఉన్న అంకెలు చూసి దీనికి జవాబు చెప్పలేం. పాట వచ్చే ప్లేయర్ ఎంత గట్టిగా పంపుతోంది, స్పీకర్ తక్కువ పవర్‌కే పలుకుతుందా, మీరు ఎంత దూరంలో కూర్చున్నారు, ఇవన్నీ కలిస్తేనే చెవిదాకా వచ్చే సౌండు. నాబ్ సగంలో ఉంది కదా, ఇంకా సగం పవర్ మిగిలే ఉందనుకోవడానికీ లేదు. చాలా యాంప్లిఫయర్లు అక్కడికి రాకముందే చేతులెత్తేస్తాయి.

కొలత రికార్డింగులోనే ఉంటుంది. ఈమని శంకరశాస్త్రి వీణ, షేక్ చినమౌలానా నాదస్వరం ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి. వీణ పక్కన కూర్చుని వినాల్సిన వాద్యం. నాదస్వరం ఊరేగింపులో వీధి చివరిదాకా వినిపించాల్సింది. రెంటికీ ఒకే వాల్యూమ్ పెడితే ఏదో ఒకదానికి అన్యాయం జరిగి తీరుతుంది. సౌండు మరీ పెంచితే వీణ మీటు సుత్తి దెబ్బలా తగులుతుంది, మరీ తగ్గిస్తే నాదస్వరం బొమ్మ బూరా అయిపోతుంది.

సరైన చోటు పట్టుకోవడానికి మనిషి గొంతును మించిన సాధనం లేదు, ఎందుకంటే అది ఎంత ఉంటుందో అందరికీ తెలుసు. ఒక గొంతు, రెండు మూడు వాద్యాలు ఉన్న పాట పెట్టి, సౌండు బాగా తగ్గించి మొదలుపెట్టండి. మొదట మాటలు తెలుస్తాయి కానీ పాడే మనిషి ఎక్కడో పక్కింట్లో ఉన్నట్టుంటుంది. మెల్లగా పెంచుతూ పోతే ఒక దగ్గర గాయకుడు ఎదురుగా వచ్చి కూర్చుంటాడు. చరణానికి ముందు తీసుకునే ఊపిరి కూడా వినబడుతుంది. అక్కణ్ణుంచి ఇంకాస్త తిప్పితే 'స', 'ష' అక్షరాలు చెవిలో గుచ్చుతాయి. అప్పుడు కాస్త వెనక్కి రండి. ఆ పాటకు, ఆ గదికి అదే సరైన చోటు. పాట మారితే అదీ మారుతుంది.

సౌండు తగ్గిస్తే పాట పలచబడిందనిపించడం మీ స్పీకర్ల లోపం కాదు. మెల్లని శబ్దాల్లో బేస్‌ను మన చెవి సరిగా పట్టుకోలేదు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి గ్రాఫులు గీశారు. పాత యాంప్లిఫయర్ల మీద 'లౌడ్‌నెస్' అని ఒక బటన్ ఉండేది, అది ఈ లోటు పూడ్చడానికే. మనవాళ్లు చాలామంది దాన్ని ఏడాది పొడుగునా నొక్కి ఉంచేవారు, పైగా సౌండూ పెంచేవారు. ఇక పాటంతా గుంయ్‌గుంయ్‌మనక ఏం చేస్తుంది?

చెవికి ఇంకో బలహీనత ఉంది: కాస్త గట్టిగా వినిపించేదే బాగుందని తీర్పిచ్చేస్తుంది. షాపులో రెండు స్పీకర్లు పోల్చేటప్పుడు రెండూ ఒకే మోతాదులో మోగుతున్నాయో లేదో ముందు చూసుకోండి. వాట్ల లెక్కకూ తొందరపడొద్దు. 50 వాట్లు 100 అయితే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. రెట్టింపు గట్టిగా వినిపించాలంటే దాదాపు పది రెట్ల పవర్ కావాలి.

వేసవిలో పెద్ద అడ్డంకి సీలింగ్ ఫ్యాన్. దాని హోరులో మెల్లని స్వరాలు మునిగిపోతాయి, మనం వాల్యూమ్ పెంచుతాం. దానికంటే ఫ్యాన్‌ను ఐదు నుంచి మూడుకు తగ్గించడం నయం.

పై హద్దు మాత్రం ఇష్టాయిష్టాల మీద ఆధారపడదు. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు ఎనిమిది గంటలు వినొచ్చని పని ప్రదేశాల లెక్క. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. 94 దగ్గర ఒక్క గంటే. మీటరు లేకపోయినా ఒక గుర్తుంది: చేయి చాస్తే అందేంత దూరంలో ఉన్నవాళ్లతో అరిచి మాట్లాడాల్సి వస్తే హద్దు దాటినట్టే. విన్న తర్వాత చెవుల్లో గింగురుమంటే మర్నాడు తగ్గించుకోండి.

పొరుగువారి సంగతీ ఉంది. మన దేశంలో 2000 నాటి నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి. గోడ దాటి ముందుగా వెళ్లేది బేస్. అపార్ట్‌మెంట్లో ఉండేవారు పది దాటాక వాల్యూమ్‌తోపాటు బేస్ నాబ్ కూడా తగ్గించండి, సబ్‌ఊఫర్ ఉంటే ఆపేయండి.