పాత మోటారు సైకిలు: కొద్ది ఖర్చుతో బాగుచేయుట ఎట్లు?

ఇంటికి పాత మోటారు సైకిలు వచ్చిన మరునాడే యువకులు వేయు మొదటి ప్రశ్న ‘దీని వేగము పెంచుట ఎట్లు?’ అనునది. సైలెన్సరు మార్చుమని ఒకరు, ఎయిర్ ఫిల్టరు తీసివేయుమని వేరొకరు, ముందరి స్ప్రాకెట్టు మార్చుమని ఇంకొకరు సలహా ఇత్తురు. చేతిలో ఉన్నది రెండు మూడు వేల రూపాయలే. దానిని దేనిపై ఖర్చు చేయవలెను? ఉన్నత పాఠశాలలో నేర్చిన భౌతికశాస్త్రము ఈ ప్రశ్నకు చక్కని సమాధాన మీయగలదు.

ఇంజను పీల్చు గాలి

ఉదాహరణకు మన రోడ్లపై విరివిగా కనబడు స్ప్లెండరును తీసికొందము. హీరో హోండా సంస్థ దీనిని 1994లో విడుదల చేసినది. దాని సిలిండరు లోపలి వ్యాసము 50 మి.మీ.; పిస్టను కదలు దూరము 49.5 మి.మీ. స్తూపము యొక్క ఘనపరిమాణమును కనుగొను సూత్రముతో లెక్కించినచో 97.2 ఘన సెంటీమీటర్లు వచ్చును. ‘నూరు సి.సి. బండి’ అని మనము వాడుకగా అనునది దీనినే.

ఇది నాలుగు ఘాతముల ఇంజను. క్రాంకు రెండు చుట్లు తిరిగినప్పుడు ఒక్కమారు మాత్రమే ఇంధనము మండును. క్రాంకు నిమిషమునకు 6,000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. అప్పుడు సెకనుకు 50 మారులు దహనము జరుగును. ప్రతిమారు సిలిండరు పూర్తిగా నిండినచో సెకనుకు దాదాపు 4.9 లీటర్ల మిశ్రమము కావలెను. ఒక గ్రాము పెట్రోలు సరిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి అవసరము.

ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో మూసికొని పోయినచో గాలి తగ్గి, మిశ్రమములో పెట్రోలు పాలు హెచ్చును. ప్లగ్గుపై నల్లని మసి పట్టును, మైలేజి పడిపోవును. అట్లని ఫిల్టరును తీసివేయుట ఇంకను ప్రమాదకరము. రోడ్డుమీది సన్నని ఇసుకరేణువులు లోనికి పోయి పిస్టను రింగులను, సిలిండరు గోడను గరుకుకాగితము వలె అరగదీయును. అప్పుడు బోరు చేయించక తప్పదు. కొన్ని వందల రూపాయల క్రొత్త ఫిల్టరు, క్రొత్త ప్లగ్గు, తగిన ఇంజనాయిలు, వాల్వుల సందును సరిచేయుట – ఈ నాలుగు పనులతో బండి కోల్పోయిన బలము చాలవరకు తిరిగి వచ్చును.

వేగము ఎందుకు పెరుగదు?

సమతలమైన రోడ్డుపై వేగముగా పోవు బండికి ముఖ్యమైన ఆటంకము గాలి నిరోధము. ఈ నిరోధము వేగము యొక్క వర్గమును అనుసరించి పెరుగును. దానిని జయించుటకు కావలసిన సామర్థ్యము వేగము యొక్క ఘనమును అనుసరించి పెరుగును. గరిష్ఠ వేగమును 10 శాతము పెంచదలచితి మనుకొనుడు. 1.1 × 1.1 × 1.1 = 1.331. అనగా సామర్థ్యము దాదాపు 33 శాతము హెచ్చవలెను. సుమారు 7.5 అశ్వశక్తి గల ఇంజను నుండి 10 అశ్వశక్తి రాబట్టవలెను. సైలెన్సరు మార్చినంత మాత్రమున ఇది జరుగదు. పెరుగునది శబ్దము మాత్రమే.

స్ప్రాకెట్టు సంగతియు అట్టిదే. ముందు 14 పళ్లు, వెనుక 42 పళ్లు ఉన్నచో నిష్పత్తి 3. ముందు 15 పళ్ల చక్రము వేసినచో నిష్పత్తి 2.8 అగును. అవే ఇంజను చుట్లకు వేగము 7 శాతము పెరుగును. కాని చక్రమునకు అందు లాగుడు బలము దాదాపు అంతే తగ్గును. ఇద్దరు ఎక్కి గట్టు ఎక్కునప్పుడు ఆ లోటు తెలియును. ఇంజను ఇచ్చు సామర్థ్యము మారలేదు. దానిని పంచుకొను తీరు మాత్రమే మారినది.

మొదటి ఖర్చు దేనికి?

బండి, మనిషి కలిసి 170 కిలోగ్రాములనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగమున గతిజశక్తి సుమారు 10,500 జౌళ్లు. 60 కిలోమీటర్ల వేగమున 23,600 జౌళ్లు. వేగము ఒకటిన్నర రెట్లయినది. శక్తి రెండుంబాతిక రెట్లయినది. ఈ శక్తి నంతటిని బ్రేకులు వేడిగా మార్చవలెను.

పొడి రోడ్డుపై టైరుకు, రోడ్డుకు నడుమ ఘర్షణ గుణకము 0.7 అనుకొన్నచో, 40 కిలోమీటర్ల వేగమున బ్రేకు పడిన తరువాత 9 మీటర్లలోను, 60 కిలోమీటర్ల వేగమున 20 మీటర్లలోను బండి నిలువగలదు. అపాయమును గుర్తించి బ్రేకు పట్టుటకు ఒక సెకను పట్టినచో, 60 కిలోమీటర్ల వేగమున ఆ లోపలనే మరి 17 మీటర్లు గడచిపోవును. మొత్తము 37 మీటర్లు! టైరు అరిగినను, రోడ్డు తడిసినను ఈ దూరము ఇంకను పెరుగును.

కాబట్టి చేతిలోని మొదటి రూపాయి బ్రేకులకు, టైర్లకు చెందవలెను. బ్రేకు పట్టినప్పుడు బరువు ముందు చక్రముపైకి మరలును. అందుచే ముందు బ్రేకు మిక్కిలి ముఖ్యము. అనేక బండ్ల డ్రమ్ముపై ఒక బాణపు గుర్తు ఉండును. బ్రేకు పట్టినప్పుడు అది హద్దుగీతను చేరినచో షూలు అరిగినవని గ్రహింపవలెను. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

టైరు ప్రక్కన నాలుగంకెల గుర్తు నొకదానిని వెదకుడు. 2319 అని ఉన్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. గాడులు లోతుగా కనబడినను, పాతబడిన రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోవును.

తరువాత చైను. ఈ తరగతి బండ్ల చైనులో ఒక్కొక్క లంకె 12.7 మి.మీ.; బిగువుగా పట్టిన 20 లంకెలు 254 మి.మీ. ఉండవలెను. అది 259 మి.మీ. దాటినచో చైనును, రెండు స్ప్రాకెట్లను కలిపి మార్చుట మేలు. పెట్రోలు గొట్టమును కూడ పరీక్షింపుడు. ఇప్పుడు మన దేశములో అమ్ము పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. ఇది కొన్ని పాత రబ్బరు గొట్టములను ఉబ్బించి పాడుచేయగలదు.

తరగతిలో ప్రయోగము

ఇంజను ఆపి, బండిని నడిమి స్టాండుపై నిలిపి, గేరును న్యూట్రలులో ఉంచి, వెనుక చక్రమును చేతితో ఒకే తీరుగా పది మారులు తిప్పవలెను. ఎన్ని చుట్లు తిరిగి ఆగినదో వ్రాసికొని సగటు తీయవలెను. చైను శుభ్రపరచి నూనె వేసి, బ్రేకు రాపిడిని సరిచేసి మరల లెక్కింపవలెను. వ్రేళ్లు చైను దగ్గరకును, చువ్వల నడుమకును పోకుండ ఉపాధ్యాయులు చూడవలెను. రెండు సగటులకు గల భేదమే ఘర్షణ వలన వృథా అగుచుండిన శక్తికి గుర్తు. ఒకమారు ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితమును చూచుట విజ్ఞానశాస్త్ర పద్ధతి; మెకానిక్కునకు కూడ ఇదే మంచి పద్ధతి.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు తయారీదారు ఇచ్చిన లక్షణములకు భేదము వచ్చునట్లు బండిని మార్చరాదు. ఈ తరగతి బండిని 18 ఏండ్లు నిండి లైసెన్సు పొందినవారే, శిరస్త్రాణము ధరించి నడుపవలెను. అంతవరకు విద్యార్థి దానిని స్టాండుపై నిలిపి, కొలిచి, లెక్కించి నేర్చుకొనవచ్చును. ఇంటిలో అన్నయ్యయో, తండ్రియో ఆ బండిపై దినదినము పోయి వచ్చుచున్నచో, బ్రేకు డ్రమ్ముపైని బాణపు గుర్తును ఈ సాయంకాలమే పోయి చూడుడు.