కంప్యూటరుకూ వడదెబ్బే!

రెంటచింతల ఎండల గురించి పల్నాడు వాసులకు ఎవరూ చెప్పనక్కరలేదు. మే నెల మధ్యాహ్నం మనిషి నీడపట్టుకు చేరతాడు. గొడ్లను పాకలో కట్టేస్తాడు. ఇంట్లో బల్లమీది కంప్యూటరు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. పిల్లల చదువుకనో, దుకాణం లెక్కలకనో వేలు పోసి కొన్న ఆ యంత్రం సరిగ్గా పని పడ్డప్పుడే ఆగిపోతుంది. కళాశాల ప్రవేశాల దరఖాస్తులు కొన్ని ఈ ఎండాకాలంలోనే సాగుతాయి. గడువు చివరిరోజున కంప్యూటరు మొరాయిస్తే విద్యార్థి పడే అవస్థ ఇంతా అంతా కాదు.

వేడి ఎక్కడిది?

కంప్యూటరు వాడుకునే కరెంటు దాదాపు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఓ మోస్తరు డెస్క్‌టాప్ జోరుగా పనిచేస్తున్నప్పుడు పాతకాలపు 100 వాట్ల బల్బంత వేడి పుట్టించగలదు. అందులో ఎక్కువ భాగం ప్రాసెసర్ అనే చిన్న బిళ్ళది. ఆ వేడిని లాగేందుకు దానిమీద రేకులు రేకులుగా ఉన్న లోహపు దిమ్మ, ఆపైన చిన్న ఫ్యాను ఉంటాయి.

ఈ ఫ్యాను గాలిని చల్లబరచదు. గదిలోని గాలిని రేకుల మధ్యకు తోస్తుంది, అంతే. గదిలో 42 డిగ్రీలుంటే లోపలి భాగాలు అంతకన్నా చల్లబడవు. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల వరకే తట్టుకుంటాయి. ఆ హద్దుకు చేరగానే ముందు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి దిగకపోతే కంప్యూటరు తనంతట తాను ఆరిపోతుంది. దీన్ని చూసి వైరస్ పట్టిందని కంగారుపడేవారు ఎందరో!

గుర్తుపట్టడం ఎలా?

ఉదయం చక్కగా నడిచిన కంప్యూటరు మధ్యాహ్నం నత్తనడక నడుస్తున్నా, ఫ్యాను హోరెత్తుతున్నా, పని మధ్యలో ఆరిపోతున్నా వేడిని అనుమానించాలి. కరెంటు హెచ్చుతగ్గులతోనూ ఆరిపోవచ్చు. కనుక ఒకసారి చూసుకోవడం మేలు. ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్‌2 మీట నొక్కితే చాలా కంప్యూటర్లలో బయాస్ అనే తెర వస్తుంది. ప్రాసెసర్ ఎన్ని డిగ్రీల్లో ఉందో సాధారణంగా అక్కడ కనిపిస్తుంది. పనేమీ లేకుండానే 70, 80 డిగ్రీలు చూపిస్తుంటే ఏదో అడ్డంకి ఉన్నట్లే.

దుమ్మే అసలు శత్రువు

మన జిల్లాలో దుమ్ముకు కొదవలేదు. పత్తి నూగు, మిరప కళ్ళాల ధూళి, పిడుగురాళ్ల వైపు సున్నపు బట్టీల పొడి లోహపు రేకుల మధ్య పేరుకుంటాయి. గాలి ఆడదు. వంటింటి పొగ, అగరువత్తుల పొగ తోడైతే ఆ దుమ్ము జిగటగా పట్టేస్తుంది.

మూడు నెలలకొకసారి, బట్టీలకు, జిన్నింగ్ మిల్లులకు దగ్గరైతే నెలకొకసారి శుభ్రం చేయాలి. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, పెట్టెను వరండాలోకి తేవాలి. పక్క తలుపు తీసి మెత్తటి పొడి కుంచెతో దులపాలి. బ్లోయర్ వాడితే ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేకుంటే అవి మితిమీరి తిరిగి పాడవుతాయి. తడిగుడ్డ పనికిరాదు. కరెంటు సరఫరా చేసే లోపలి పెట్టెను విప్పకూడదు. ప్లగ్ తీశాక కూడా అందులో షాక్ కొట్టేంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. వారంటీలో ఉన్న యంత్రాన్ని మెకానిక్కుకే అప్పగించాలి. ప్రాసెసర్‌కు, లోహపు దిమ్మకు మధ్య పూసే పేస్టు ఏళ్ళు గడిస్తే ఎండిపోతుంది. దాన్ని మార్చమని కూడా అతనికే చెప్పాలి.

ఎక్కడ పెట్టాలి?

గోడకు ఆనించి పెట్టవద్దు. వెనక జానెడు ఖాళీ ఉండాలి. తలుపులున్న బల్ల అరలో పెడితే విడిచిన వేడిగాలినే అది మళ్ళీ పీలుస్తుంది. నేలమీద పెట్టినా దుమ్మే. చిన్న పీట వేయాలి. పడమటి కిటికీ ఎండ, రేకుల కప్పు గది, పొయ్యి పక్క చోటు పనికిరావు. ముచ్చటగా కప్పిన కుట్టుపని గుడ్డను ఆన్ చేసేముందే తీసేయాలి. ఆపాక చల్లబడనిచ్చి కప్పాలి.

గాలి ఆడుతుందని పక్క తలుపు తీసి వదిలేస్తారు కొందరు. అప్పటికి వేడి తగ్గినా దుమ్ము, బల్లులు, పసిపిల్లల చేతులు లోపలికి పోతాయి. కూలరు గాలి గదికి మంచిదే గానీ, ఆ తేమగాలి తిన్నగా పెట్టెకు తగలకూడదు.

వేడికి ఆరిపోయిన యంత్రాన్ని వెంటవెంటనే మళ్ళీ ఆన్ చేయవద్దు. అరగంట ఆగాలి. ఎప్పటికప్పుడు పని సేవ్ చేసుకోవాలి. దరఖాస్తులను గడువు చివరిరోజు మిట్టమధ్యాహ్నానికి వాయిదా వేయక, రెండురోజుల ముందే, తెల్లవారి చల్లటి వేళ ముగిస్తే కంప్యూటరూ క్షేమం, పిల్లల చదువూ క్షేమం.