పాత అంబాసిడర్‌కు కొత్త చక్రాలు.. కోత కంటే కొలత మేలు
* మడ్‌గార్డుకు ఒరుసుకుంటున్న టైర్లు
* కారణం తెలుసుకోకుండా రేకు కోయిస్తే నష్టమే

సోంపేట: ఉద్దానం పల్లెల్లో కొబ్బరితోటల నడుమ పాత అంబాసిడర్ కార్లు నేటికీ అక్కడక్కడా దర్శనమిస్తున్నాయి. ఒకప్పుడు పెళ్లికొడుకును ఊరేగించాలన్నా, అర్ధరాత్రి వేళ రోగిని బరంపురం తరలించాలన్నా ఈ బండే దిక్కు. పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపారాలో గల హిందుస్థాన్ మోటార్స్ కర్మాగారం 2014 మే నెలలో దీని ఉత్పత్తిని నిలిపివేసింది. నాటినుంచి విడిభాగాల లభ్యత ఏటికేడు తగ్గుతోంది. అయినప్పటికీ తండ్రుల కాలం నాటి బండిని అమ్ముకోలేక, బాగుచేయించుకుని వాడుకుంటున్న వారున్నారు. వీరిలో కొందరు పాత సైజు టైర్లు దొరకక, మరికొందరు సోకు కోసం వెడల్పాటి టైర్లు, అల్లాయ్ చక్రాలు బిగిస్తున్నారు.

బిగించిన రోజున బండి చూడముచ్చటగానే ఉంటుంది. కుటుంబమంతా ఎక్కి కూర్చుని, కంచిలి వద్ద జాతీయ రహదారికి చేరేలోగా ఏదో ఒక స్పీడ్ బ్రేకర్ మీద 'గర్‌ర్' మని శబ్దం వినిపిస్తుంది. మలుపులో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే మళ్లీ అదే శబ్దం. టైరు ఎక్కడో ఒరుసుకుంటున్నదన్నమాట. దీనిని చిన్న విషయంగా తీసిపారేయరాదు. టైరు పక్క గోడ రోడ్డుకు ఆనే భాగమంత దళసరిగా ఉండదు. రేకు అంచు పదేపదే గీరితే రబ్బరు తెగి లోపలి దారాలు బయటపడతాయి. ఆ స్థితిలో నిండు బరువుతో, ఎండవేళ రహదారిపై వేగంగా వెళితే టైరు పేలిపోయే ప్రమాదం ఉంది.

ఇటువంటప్పుడు చాలామంది నేరుగా టింకరింగ్ షెడ్డుకు వెళ్లి, మడ్‌గార్డు అంచును కటింగ్ మిషనుతో కోయించేస్తున్నారు. శబ్దం ఆగుతుంది. అయితే అంచు లోపలికి మడిచి ఉండటం వల్లనే ఆ రేకుకు బిగువు వచ్చింది. మడత పోతే రేకు అదురుతుంది, కోసిన చోట తుప్పు మొదలవుతుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే బారువ, కవిటి, వజ్రపుకొత్తూరు ప్రాంతాలలో ఈ తుప్పు ఎంత త్వరగా పాకుతుందో ఇంటి కిటికీ ఊచలను చూసినవారికి చెప్పనక్కరలేదు. పైగా ఉత్పత్తి ఆగిపోయిన బండికి కొత్త మడ్‌గార్డు దొరకడం గగనం.

అంకెలు ఏం చెబుతాయి?

టైరు మీద ముద్రించిన అంకెలను చదవగలిగితే సగం సమస్య దుకాణంలోనే తీరుతుంది. అంబాసిడర్‌కు చిరకాలంగా వాడుకలో ఉన్న సైజు 5.90-15. అంటే టైరు వెడల్పు 5.90 అంగుళాలు, రిమ్ము 15 అంగుళాలు. ఈ టైరు మొత్తం ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు ఉంటుంది. నేటి రేడియల్ టైర్లపై అంకెలు వేరు విధంగా ఉంటాయి. 175/80 ఆర్ 15 అని ఉంటే వెడల్పు 175 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 80 శాతం, అనగా 140 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 280, రిమ్ము 381. మొత్తం 661 మిల్లీమీటర్లు. పాత టైరుకు దాదాపు సరిసమానం.

ఇదే లెక్కన బొలెరో వంటి బండ్లకు వాడే 215/75 ఆర్ 15 టైరు ఎత్తు 703 మిల్లీమీటర్లు దాటుతుంది. ఇరుసు నుంచి మడ్‌గార్డు వైపు 21 మిల్లీమీటర్లు, వెడల్పులో 6 సెంటీమీటర్లకు పైగా అదనం. ఒరుసుకోక ఏమి చేస్తుంది? అంతేకాక స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి దాదాపు 64 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. పాత ఇరుకు రిమ్ముపై ఇంత వెడల్పు టైరు ఎక్కించడం కూడా తగదు. టైరు అంచులు రిమ్ములో సరిగా కూర్చోక, మలుపులో బండి ఊగిసలాడుతుంది. దీనికి విరుద్ధంగా, నేటి చిన్న కార్లకు వచ్చే 185/65 ఆర్ 15 వేస్తే ఎత్తు 621 మిల్లీమీటర్లే. మడ్‌గార్డుకు తగలదు గానీ బండి 2 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసినవారు ఇందుకు సాహసించరు.

రిమ్ములోనూ తిరకాసు

టైరు సైజు సరిపోయినా రిమ్ము వల్ల ఇబ్బంది రావచ్చు. రిమ్ము వెడల్పు సరిగ్గా మధ్యకు, హబ్‌కు ఆనే ముఖానికి మధ్య గల దూరాన్ని ఆఫ్‌సెట్ అంటారు. అల్లాయ్ చక్రం లోపలివైపు 'ఈటీ' అనే అక్షరాల పక్కన ఈ అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ చక్రం బయటకు, పెరిగేకొద్దీ లోపలికి జరుగుతుంది. ఏ బండికైనా వర్తించే ఒక ఉదాహరణ చూద్దాం. 5 అంగుళాల వెడల్పు, 40 ఆఫ్‌సెట్ గల రిమ్ము తీసి 7 అంగుళాలు, 20 ఆఫ్‌సెట్ గలది బిగిస్తే రిమ్ము బయటి అంచు 45 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. లోపలివైపు పెరిగేది 5 మిల్లీమీటర్లే. అంటే వెడల్పు పెరిగినదంతా మడ్‌గార్డు మీదికే వచ్చిందన్నమాట. టైరు ఎంత పొడుచుకు వస్తే అంత అందమనుకునే వారితో వాదన అనవసరం. అయితే బేరింగులపై భారం పెరగడం, వర్షాకాలంలో బురద తలుపుల నిండా చిమ్మడం కూడా ఆ అందంతోపాటే వస్తాయి.

నట్ల రంధ్రాల వలయం, నడిమి రంధ్రం కొలత హబ్‌తో కలవకుంటే ఎంత తక్కువ ధరకు వచ్చినా ఆ చక్రం వదులుకోవలసిందే. లేత్‌లో రంధ్రాలు సాగదీయించి బిగించడం ప్రాణాలతో చెలగాటం.

సుద్దముక్కతో పరీక్ష

ఇప్పటికే బిగించి, ఒరిపిడితో అవస్థ పడుతున్నవారు మొదట అది ఎక్కడ తగులుతున్నదో తేల్చుకోవాలి. శబ్దాన్ని బట్టి ఊహించడం కుదరదు. నాలుగు టైర్ల భుజాలకు, పక్క గోడలకు సుద్దముక్క దట్టంగా రుద్దాలి. లోపలివైపు కూడా రుద్దడం మరువరాదు. ఐదుగురిని కూర్చోబెట్టి, డిక్కీలో కొబ్బరికాయల బస్తాలు వేసి, ఖాళీ స్థలంలో స్టీరింగును రెండువైపులా చివరి వరకు తిప్పుతూ మెల్లగా నడపాలి. ఒక స్పీడ్ బ్రేకర్‌ను ఏటవాలుగా ఎక్కించాలి. తరువాత దిగి చూస్తే సుద్ద చెరిగిన చోటే ఒరిపిడి.

తగలకపోయినా ఖాళీ ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే గోధుమపిండి ముద్ద చాలు. మడ్‌గార్డు లోపల టైరుకు ఎదురుగా అంటించి ఇదే విధంగా నడిపితే ముద్ద నలుగుతుంది. నలిగిన ముద్ద మందం చిటికెన వేలంత లేకపోతే ఆ ఖాళీ చాలదని భావించాలి.

వెనుక చక్రం వద్ద బయటివైపు, అదీ బరువు వేసినప్పుడు మాత్రమే తగులుతుంటే తప్పు టైరుది కాకపోవచ్చు. దశాబ్దాల తరబడి బరువులు మోసిన కమాను కట్టలు చదునుబడి ఉంటాయి. సమతల నేలపై బండి నిలిపి, చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు వరకు రెండువైపులా టేపుతో కొలవాలి. కుడి ఎడమల మధ్య వేలెడు తేడా ఉంటే కట్టలు విప్పించి వంపు తీయించాలి, విరిగిన ఆకులు మార్పించాలి. లారీలకు కట్టలు కట్టే షెడ్లలో ఈ పని తెలిసినవారు ఉంటారు. అరిగిపోయిన షాక్ అబ్జార్బర్లను సైతం అప్పుడే మార్చుకోవాలి. అంబాసిడర్ ముందుభాగంలో స్ప్రింగుల స్థానంలో మెలితిరిగే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు ఉంటాయి. ఇవి కుంగితే ఎత్తు సరిచేయవచ్చు. అయితే అనుభవం లేనివారు చేయి పెట్టరాదు. సరిచేసిన పిదప అలైన్‌మెంట్ తప్పనిసరి.

స్టీరింగ్ చివరి వరకు తిప్పినప్పుడు ముందు టైరు లోపలివైపు తగులుతుంటే, స్టీరింగ్ మలుపును హద్దులో ఉంచే స్టాపరును కొద్దిగా సరిచేసి ఆపవచ్చు. ఫలితంగా బండి తిరగడానికి ఎక్కువ స్థలం పడుతుంది. ఇరుకు వీధుల్లో అది ఇబ్బందే. ఒకటి రెండు మిల్లీమీటర్ల వ్యవహారమైతే హబ్‌కు, చక్రానికి నడుమ పలుచని స్పేసరు వేస్తారు. అప్పుడు స్టడ్డు పొడవు చాలాలి. నట్టు లోపల స్టడ్డు మర ఎంత లోతు పట్టిందో చూడాలి. అది స్టడ్డు మందం కంటే తక్కువైతే పొడవైన స్టడ్డులు వేయించకుండా బండి కదపరాదు. వాషర్లు పేర్చి స్పేసరుగా వాడే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దానిని తక్షణం మానుకోవాలి.

ఇవన్నీ చూశాక కూడా మడ్‌గార్డు మడత అంచే తగులుతున్నట్లయితే, దానిని కోయకుండా లోపలివైపు పైకి మడిపించడం మంచి మార్గం. రేకును కొద్దిగా వేడిచేసి, రోలరుతో విడతలు విడతలుగా నొక్కుతారు. వేడి చేయకుండా సుత్తితో బాదితే రంగు పగులుతుంది. పాత బండ్లకు లోగడ పూసిన లాపం పెచ్చులుగా ఊడుతుంది. మడిచిన రోజే తుప్పు నిరోధక ప్రైమరు, రంగు పూయించాలి.

గాలి ఎక్కువ కొట్టి టైరును బిగువు చేయడం, కమాను కట్టల మధ్య రబ్బరు ముక్కలు దూర్చడం వంటి చిట్కాలు కూడా వినిపిస్తుంటాయి. మొదటి దానితో టైరు మధ్యభాగం త్వరగా అరిగి, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది. రెండో దానితో కట్టలు విరుగుతాయి. ఇక ఒకే ఇరుసుపై ఒకవైపు పాతకాలపు నైలాన్ టైరు, మరోవైపు రేడియల్ వేయడం మరీ ప్రమాదకరం. పాత రిమ్ములకు ట్యూబ్‌లెస్ టైరు గాలి నిలిపే అంచు ఉండదు గనుక తగిన ట్యూబు వేయించుకోవాలి.

చట్టం మాటేమిటి?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. కారు టైరుపై గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదన్న నిబంధన ఉంది. 15 ఏళ్లు నిండిన బండిని రీరిజిస్ట్రేషన్‌కు తీసుకువెళ్లినప్పుడు ఈ అంశాలు తనిఖీకి వస్తాయి.

మరో సంగతి పాత కార్ల యజమానులలో చాలామందికి తెలియదు. 50 ఏళ్లు దాటిన వాహనాలను 'వింటేజ్' వాహనాలుగా నమోదు చేసుకునే వీలు కల్పిస్తూ 2021 జులైలో కేంద్రం నిబంధనలు జారీ చేసింది. కొత్త నమోదుకు రుసుము రూ.20 వేలు. నంబరులో 'వీఏ' అక్షరాలు ఉంటాయి. రోజువారీ రాకపోకలకు ఆ బండి వాడరాదు. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండటం ఇందుకు ముఖ్య షరతు. 1970ల తొలినాళ్లలో తయారైన అంబాసిడర్లు ఈ వయసుకు ఇప్పటికే చేరుకున్నాయి. చక్రం మార్చితే మళ్లీ పాతది వేసుకోవచ్చు. కోసిన మడ్‌గార్డు తిరిగి రాదు. కాబట్టి తీసిన పాత రిమ్ములను ఇనుప సామాను వారికి తూకానికి అమ్మేయకుండా, గ్రీజు పూసి అటక మీద భద్రపరచడం ఉత్తమం.

కొత్త చక్రాలు బిగించాక 100 కిలోమీటర్ల లోపు నట్లన్నీ మరోసారి బిగించి చూసుకోవాలి. స్టెప్నీ విషయం బయలుదేరే ముందే తేల్చుకోవాలి. అల్లాయ్ చక్రం నట్లు, ఇనుప రిమ్ము నట్లు చాలా సందర్భాల్లో ఒకే ఆకారంలో ఉండవు. పాత స్టెప్నీనే కొనసాగించేవారు దాని నట్లను కూడా ఒక సంచిలో వేసి డిక్కీలో ఉంచుకోవాలి.