అమ్మిన సరకు వాపసు తీసికొనబడదు

పెద్దవీధిలోని గుడ్డల దుకాణములలో గల్లాపెట్టెపైన వ్రేలాడు పలకను చూడని సోదరి యుండదు. అమ్మిన సరకు వాపసు తీసికొనబడదని దానిపై వ్రాసియుండును. గోడలకు రంగులు మారును, దీపములు మారును, తండ్రి కూర్చుండిన చోటికి కుమారుడు వచ్చును; ఆ పలక మాత్రము మారదు. ఇప్పుడా వర్తకులే, "ఆడవాళ్లంతా ఫోనుల్లో కొనేస్తున్నారు, మా బేరాలు పోయాయి" అని వాపోవుచున్నారు. వారి దుఃఖము నిజమే. అయితే దానికి కారణమును వారు ధరలలో వెదకుచున్నారు. మాకు తోచినంతవరకు కారణ మా పలకమీదనే యున్నది.

ధర యొక్కటే లెక్కయైనచో ఇంతమంది స్త్రీలు అంగడి మెట్లు దిగియుండరు. ఆన్‌లైనులో ప్రతి వస్తువును చౌక కాదు. కందిపప్పు, చింతపండు వంటివి వీధిచివరి కొట్టులోనే నయముగా దొరకుటయు కలదు. చిన్న వస్తువులకు ఇంటికి తెచ్చు కూలిని వేరుగ గట్టుదురు. అయినను పది రూపాయ లెక్కువ యిచ్చియైనను ఫోనులో కొను గృహిణులను మేమెరుగుదుము. ఆ పది రూపాయలును ఒకరిచేత మాట పడకుండుటకు వారు చెల్లించు మూల్యము.

ఒక శ్రావణమాసమున వరలక్ష్మీవ్రతమునకై మేమొక చీర కొంటిమి. ఇంటికి వచ్చి మడత విప్పగా కొంగున జానెడు మేర నేత జారియుండెను. మరునాడే బిల్లుతో గూడ తీసికొనిపోతిమి. యజమాని తల యెత్తకయే, "మీ యింట్లో ఏ మేకుకో తగిలి వుంటుంది" అనెను. పదిమంది యెదుట మేము అబద్ధమాడినవారమైతిమి. రెండు దినములైన పిమ్మట మా వారు అదే చీరను, అదే బిల్లును పట్టుకొని పోగా, "రండి మాస్టారూ" అని కుర్చీ వేసి, టీ తెప్పించి, వేరు చీర యిచ్చి పంపిరి. చీర మారినది, మా మాటకు మాత్రము విలువ రాలేదు. అటుపిమ్మట మేమా మెట్లెక్కలేదు.

పది చీరలు విప్పించి కొనకపోయినచో వినబడునట్లు గొణుగుట, చిల్లరకు బదులు చాక్లెట్టు చేతబెట్టుట సోదరీమణులందరికిని అనుభవమే. ఇంతకంటె చెప్పరాని యిబ్బంది యొకటి కలదు. చెప్పరానిదని యందరు నూరకుండుటచేతనే అది యింతకాలము నిలిచినది. లోదుస్తులు కొనబోవు స్త్రీ తన కొలతను, నలుగురు వినుచుండగా, ఇరువదేండ్ల కుర్రవానికి చెప్పవలెను. వాడొక్కొక్కప్పుడు ఆమెను ఎగాదిగ చూచి కొలతను తానే నిర్ణయించును. నెలసరికి వలయు ప్యాడ్లను మందులకొట్టులో నల్లసంచియందు చుట్టి దొంగసొత్తువలె అందింతురు. ఫోను మన ముఖము చూడదు, నవ్వదు. మా యెరుకలోని యువతులు పలువురు మొదట ఈ వస్తువులకే ఆన్‌లైను నాశ్రయించిరి. పైగా 2010లో ఫ్లిప్‌కార్టువారు వస్తువు చేతికందిన పిమ్మట సొమ్ము చెల్లించు పద్ధతిని తెచ్చుటతో, బ్యాంకుకార్డు లేని యిల్లాలికిని పోపులడబ్బాలోని రూపాయలతో కొనుట సాధ్యమైనది.

ఇందుకు అంగడి కుర్రవాండ్రను మాత్రమే నిందించుట న్యాయము కాదు. ఉదయము మొదలు రాత్రివరకు నిలువుకాళ్లపై నుండువాని ముఖమున చిరునవ్వు ఎక్కడనుండి వచ్చును? దుకాణములలో పనిచేయువారికి కూర్చుండు హక్కు నిచ్చుచు కేరళమున 2018లోను, తమిళనాట 2021లోను చట్టములను సవరించిరి. మన వర్తకులు చట్టముకొరకు వేచియుండనేల? నాలుగు పీటలు వేయించిన చాలును.

సరకు వాపసు తీసికొనుట పాశ్చాత్యుల వింతయని తలంచువారు కలరు. అది మన ధర్మశాస్త్రములలో నున్నదే. మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో క్రయవిక్రయానుశయ మొకటి. అనుశయమనగా కొన్నపిమ్మట గాని, అమ్మినపిమ్మట గాని కలుగు పశ్చాత్తాపము. అట్టిది కలిగినచో పదిదినములలోపల వస్తువును తిరిగి యీయవచ్చును, పుచ్చుకొనవచ్చును. యాజ్ఞవల్క్యుడు వస్తువునుబట్టి పరీక్షాకాలము నేర్పరచెను: విత్తనములకు పదిదినములు, ఇనుమున కొకదినము, బరువుమోయు పశువులకు ఐదు, రత్నములకు ఏడు, పాడిపశువులకు మూడు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరను మన కేతన 13వ శతాబ్దముననే తెలుగు చేసెను. నేడు ఫోనులో ఏడుదినములనియు, పదిదినములనియు వాపసు గడువు కనబడినపుడు మాకీ స్మృతులే జ్ఞప్తికి వచ్చును. వీధి వర్తకుడు విడిచిన ధర్మమును ఎక్కడనో యున్న గిడ్డంగివారు ఎత్తుకొనిరి.

అంతమాత్రమున ఆన్‌లైను స్వర్గము కాదు. బొమ్మలో చిలకపచ్చ, పెట్టెలో పాచిపచ్చ. చెప్పుకొనబోయిన, ఒకటి నొక్కుడు, రెండు నొక్కుడు అని యంత్రము పలుకును. ఆ యంత్రము మన కష్టసుఖముల నెరుగదు. 2020లో బడులు మూతపడి మా యింటికి జీతము రాని నెలలలో వీధిచివరి కిరాణాకొట్టు దంపతులు పద్దు వ్రాసికొని సరకులిచ్చిరి; ఎప్పుడిత్తురని ఒక్కనాడైన నడుగలేదు. పురుగుపట్టిన పెసరపప్పును తీసికొనిపోయిన ఆ యిల్లాలు, "అయ్యో, అట్లాగా అక్కా" అని వేరు పప్పు కొలిచి యిచ్చును. వారి బేరమును మేము ఫోనునకు మరల్చము. కాని పట్టుచీరల వ్యాపారి దురుసుతనమునకు విసిగి ఫోను చేతబట్టిన గృహిణి అలవాటు చొప్పున పప్పును, ఉప్పును గూడ అందే కొనుచున్నది. పెద్ద దుకాణమువాడు మాట తూలగా చిన్నకొట్టువాని త్రాసు ఖాళీయగుచున్నది. పద్దు వ్రాయువారు పోయిన పిమ్మట, జీతము రాని నెలలో మన మెవరి గడప త్రొక్కవలెను?

కావున మాట పడి మౌనముగా మరలిపోవుటకంటె అడిగి చూచుట మేలు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులు 2019లో క్రొత్త చట్టము చేసిరి. అది 2020 జూలై నుండి అమలునకు వచ్చినది. లోపముగల సరకును బిల్లులోని గడువులోపల, గడువు వ్రాయనిచో ముప్పది దినములలోపల, వాపసు తీసికొని సొమ్మిచ్చుటకు నిరాకరించుట దాని ప్రకారము అక్రమ వ్యాపారపద్ధతి. గల్లాపెట్టెమీది పలక దీనిని త్రోసివేయజాలదు. ఆన్‌లైను వర్తకులును ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపల పరిష్కరింపవలెను. 1915 సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మొరపెట్టుకొనవచ్చును. బిల్లు ఈయకుండుటయు అక్రమమే. తెల్లకాగితముపై పెన్సిలుతో కూడిక వేసి యిచ్చు చీటీని బిల్లుగా నెంచకుడు. దుకాణము పేరు, తేది, సరకు, ధర స్పష్టముగా నున్నదానిని అడిగి పుచ్చుకొని, నెలదినములైన బీరువాలో దాచియుంచుడు.