గుప్పెట నిండే నాబు

గద్వాలలో చేనేతవారి ఇళ్ళకు ఎప్పుడైనా వెళ్ళారా? వెళితే గుంట మగ్గం ముందు ఓ నిమిషం నిలబడండి. నూలు చీరకు పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే ఆ నేర్పు ఎంత చూసినా తనివి తీరదు. కాని ఈసారి చీరను కాదు, నేసిన చీర చుట్టుకుంటున్న గుండ్రటి కర్రను గమనించండి. కొంత నేత పూర్తి కాగానే దాన్ని తిప్పి బట్టను చుట్టాలి. పడుగు మళ్ళీ బిగుసుకోవాలి. కర్రను ఊరికే చేత్తో పట్టుకుని తిప్పితే కదలదు. అందుకని దాని చివరనున్న రంధ్రంలో మరో పొడుగాటి కర్ర దూర్చి, దాని కొస పట్టుకుని లాగుతారు. అప్పుడు సులువుగా తిరుగుతుంది!

మీ ఇంట్లో తిరగలి ఉంటే దాన్నీ చూడండి. పిడి మధ్యలో ఉండదు. రాతి అంచున ఉంటుంది. వీణ బిరడాల సంగతీ అంతే. తీగ చుట్టుకునే భాగం సన్నం, వేళ్ళతో పట్టే తల వెడల్పు. వీటన్నిటిలోనూ పనిచేసే సూత్రం ఒక్కటే. దాని సాయంతో ఈ నెల మనం ఒక చిన్న వస్తువు తయారు చేద్దాం.

ఏమిటా వస్తువు?

మీలో కొందరు విడిభాగాలు తెచ్చుకుని, సోల్డరింగు చేసి, సొంతంగా యాంప్లిఫయరు తయారు చేసే ఉంటారు. చెక్కపెట్టె, స్పీకరు, బ్యాటరీ అన్నీ అమరాయి. పాట వినిపించింది. మీరు గంతులు వేశారు. కాని ముందువైపు చూస్తే ధ్వనిని తగ్గించి పెంచే పొటెన్షియోమీటరు ఇరుసు మొండిగా బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. లేదా దానికి చిటికెన వేలంత నాబు ఒకటి తగిలించి ఉంటుంది.

మీకు అది చాలు. కాని మీ తాతగారికి? ఏళ్ళ తరబడి మగ్గం నేసిన వేళ్ళు పట్టేసి ఉండవచ్చు. చూపు ఆనకపోవచ్చు. ఆ మొండి ఇరుసును ఆయన కొంచెం తిప్పబోతే పాట ఒక్కసారిగా హోరెత్తుతుంది, లేదా పూర్తిగా ఆగిపోతుంది. ప్రతిసారీ "ఒరేయ్, కాస్త తగ్గించరా" అని మిమ్మల్నే పిలవాలి. అంటే మీ యంత్రం పాట పాడుతోందే గాని ఆయన చేతికి అందలేదన్నమాట!

లెక్క వేసి చూద్దాం

మామూలు పొటెన్షియోమీటరు ఇరుసు వ్యాసం 6 మి.మీ. అది మొదటినుంచి చివరిదాకా సుమారు 270 డిగ్రీలు, అంటే ముప్పావు చుట్టు తిరుగుతుందనుకుందాం. ఇరుసు చుట్టుకొలత సుమారు 19 మి.మీ. అందులో ముప్పావు వంతు 14 మి.మీ. నిశ్శబ్దం నుంచి పూర్తి హోరు దాకా ఉన్న ధ్వని అంతా ఈ 14 మి.మీ.లోనే ఇమిడి ఉంది! వేలు 1 మి.మీ. తప్పితే మొత్తంలో 14వ వంతు మారిపోతుంది.

ఇప్పుడు ఆ ఇరుసుకు 60 మి.మీ. వ్యాసం గల నాబు తగిలించండి. దాని అంచున అదే ముప్పావు చుట్టు సుమారు 141 మి.మీ. అవుతుంది. వేలు 1 మి.మీ. తప్పినా తేడా 141వ వంతు మాత్రమే. వణికే చెయ్యి కూడా కావలసిన చోట ఆపగలదు.

బలం మాటేమిటి? తిప్పే శక్తిని బలభ్రామకం అంటారని మీకు తెలుసు. బలాన్ని కేంద్రం నుంచి ఉన్న దూరంతో గుణిస్తే అది వస్తుంది. ఇరుసు తిరగడానికి 9 న్యూటన్-మి.మీ. బలభ్రామకం కావాలనుకోండి. 3 మి.మీ. వ్యాసార్ధం గల మొండి ఇరుసు మీద 3 న్యూటన్ల బలం వేయాలి. 30 మి.మీ. వ్యాసార్ధం గల నాబు అంచున 0.3 న్యూటను చాలు. అంటే దాదాపు 30 గ్రాముల బరువంత! దూరం పదింతలైంది, బలం పదో వంతైంది. మగ్గం దగ్గర పొడుగాటి కర్ర చేసిన పని ఇదే.

తయారు చేసే విధానం

పెద్ద నాబు ఎక్కడ దొరుకుతుంది? హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట వెతికితే దొరకవచ్చు. కాని నాబు కోసం అంత దూరం పోనక్కరలేదు. ఇంట్లోనే ఉంది చూడండి: ఊరగాయ సీసా ప్లాస్టిక్ మూత!

1. రిపేరు దుకాణంలో పారేసిన సెట్టునుంచి మీ ఇరుసుకు సరిగ్గా పట్టే చిన్న ప్లాస్టిక్ నాబు ఒకటి అడిగి తెచ్చుకోండి. కొన్ని ఇరుసులకు సన్నని పళ్ళుంటాయి, కొన్ని ఒక పక్క చదునుగా ఉంటాయి. కొలత కూడా చూసుకోండి. కొన్ని నాబుల రంధ్రం 6 మి.మీ. కాక పావు అంగుళం, అంటే 6.35 మి.మీ. ఉంటుంది. అలాంటిది 6 మి.మీ. ఇరుసు మీద ఊగుతుంది.

2. సుమారు 6 సెం.మీ. వ్యాసం గల మూత తీసుకోండి. దాన్ని కాగితం మీద బోర్లించి గీత గీసి, వృత్తం కత్తిరించండి. కాగితాన్ని సగానికి మడిచి విప్పండి. మరో దిశలో మళ్ళీ సగానికి మడిచి విప్పండి. రెండు మడతలూ కలిసిన చోటే కేంద్రం! కాగితాన్ని మూత లోపల పరచి సూదితో గుర్తు పెట్టుకోండి.

3. చిన్న నాబు ముఖాన్ని, మూత లోపలి భాగాన్ని గరుకు కాగితంతో రుద్దండి. రెండు గొట్టాలనుంచి తీసి కలిపే ఎపాక్సీ జిగురుతో చిన్న నాబును సరిగ్గా కేంద్రం మీద అంటించండి. దాని రంధ్రం బయటివైపు ఉండాలి.

4. జిగురు గట్టిపడక ముందే ఇరుసుకు తగిలించి నెమ్మదిగా తిప్పండి. అంచు పైకీ కిందికీ ఊగుతుంటే సరిచేయండి. తర్వాత తీసి ఒక రోజంతా కదపకండి.

5. అంచున ఒకచోట ఆకురాయితో చిన్న గాటు పెట్టి, దానిలో తెల్లరంగు నింపండి. చూపు ఆనని వారికి వేలు తగిలితే చాలు, నాబు ఎక్కడుందో తెలుస్తుంది.

చెక్క నాబు కావాలంటే లేతు యంత్రం ఉన్న వడ్రంగిని అడగండి. ఆంధ్రప్రదేశ్‌లోని ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇలా తిరిగే యంత్రం మీద అంకుడు కర్రతో చేసినవే. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు లభించింది. కర్ర తిరుగుతున్నప్పుడు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి అది కరిగి కర్రకు పట్టుకుంటుంది. నాబుకైనా కర్ర బాగా ఆరినదై ఉండాలి. పచ్చి కర్ర ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. గుండ్రటి రంధ్రం కోలగా మారిపోతుంది.

జాగ్రత్తలు

నాబు మరీ బరువుగా ఉండకూడదు. సన్నని ఇరుసు మీద బరువు వేలాడితే లోపలి భాగాలు అరుగుతాయి. ఇంకొక ప్రమాదం: పెద్ద నాబు మీ బలాన్ని పెంచుతుందన్నాం గదా! చివరికి వచ్చాక కూడా బలంగా తిప్పితే లోపలున్న అడ్డు విరిగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: మీ ప్రయోగాలు బ్యాటరీతోనే చేయండి. గోడ ప్లగ్గుకు తగిలించే పాత వాల్వు రేడియోలను విప్పకండి. వాటిలో కొన్నిటికి ఇనుప చట్రంలోనే కరెంటు ఉండేది. నాబును బిగించే చిన్న మర కూడా ఆ చట్రంతో కలిసి ఉంటుంది కనుక, వేలికి తగలకుండా దాన్ని లోతుగా పెట్టి పైన మైనం నింపేవారు. నాబు అలంకారమే కాదు, చేతికీ విద్యుత్తుకూ మధ్య గోడ కూడా!

ఆకారం కాపాడిన ప్రాణాలు

మీ యాంప్లిఫయరుకు రెండు నాబులుంటే, రెండూ ఒకేలా చేయకండి. ఎందుకో చెప్పే కథ ఒకటుంది. రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికావారి బి-17 విమానాలు నేలకు దిగాక కూడా ప్రమాదానికి గురయ్యేవి. పైలట్లు రెక్కల ఫ్లాపులను ముడవబోయి, పొరపాటున చక్రాలను ముడిచేసేవారు. విమానం పొట్ట నేలకు ఆనేది. ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వశాస్త్రవేత్త కారణం కనిపెట్టాడు. తప్పు పైలట్లది కాదు. రెండు మీటలూ పక్కపక్కనే, చేతికి ఒకేలా తగులుతున్నాయి. చక్రాల మీటకు చిన్న రబ్బరు చక్రం, ఫ్లాపుల మీటకు ఫ్లాపు ఆకారపు ముక్క తగిలించారు. చూడకుండానే చెయ్యి తేడా గుర్తుపట్టింది!

మీరూ ధ్వని నాబును గుండ్రంగా, స్వరం మార్చే నాబును మూడు మూలలుగా చేయండి.

ఇక పరీక్ష ఎలా? తాతగారిని కళ్ళు మూసుకుని పాట తగ్గించమనండి. ఆయన మిమ్మల్ని పిలవకుండా, కావలసినంతే తగ్గించగలిగితే, మీ యాంప్లిఫయరు ఆరోజుకు పూర్తయినట్టు. తగ్గించలేకపోతే, లోపం ఆయన వేళ్ళలో లేదు. మరో మూత వెతకండి!