ఈ రంగు వస్తువుదా, లెన్సుదా?

మూడేళ్ల కిందట మా యూనిట్ వార్షిక షట్‌డౌన్‌లో స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాల వెల్డు అతుకులను ఫొటోలు తీసే పని నాకు అప్పగించారు. ఫొటోగ్రఫీ నాకు వృత్తి కాదు, ఇష్టంతో అలవరచుకున్న వ్యాపకం. ఆ ఉత్సాహంతోనే సొంత కెమెరాతో నలభై ఫొటోలు తీసి తనిఖీ విభాగానికి అందజేశాను. అక్కడి సీనియర్ ఇంజనీరుగారు ఒక ఫొటోను కంప్యూటర్ తెరపై పెద్దది చేసి చూసి, "ఏమండీ, ఈ ఊదారంగు వెల్డుదా, మీ లెన్సుదా?" అని అడిగారు. నా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ ప్రశ్న చిన్నదేమీ కాదు. స్టెయిన్‌లెస్ స్టీలును వెల్డు చేసినప్పుడు వేడికి అతుకు పక్కన గడ్డిరంగు, గోధుమ, ఊదా, నీలం పట్టీలు ఏర్పడతాయి. ఉపరితలంపై పేరుకున్న ఆక్సైడు పొర ఎంత మందంగా ఉన్నదో ఆ రంగులు సూచిస్తాయి. ఆ పొర కింద లోహంలో క్రోమియం తగ్గి, తుప్పును తట్టుకునే శక్తి క్షీణిస్తుంది. అందువల్ల అతుకును శుభ్రపరచే విషయంలో ఆ రంగులు ముఖ్యమైన ఆధారం. లేని రంగును చూపినా, ఉన్న రంగును చెరిపివేసినా ఆ ఫొటో తప్పుడు సాక్ష్యమే అవుతుంది.

దోషానికి మూలం

గాజు అన్ని రంగులనూ సమానంగా వంచదు. నీలికాంతిని ఎక్కువగా, ఎర్రని కాంతిని తక్కువగా వంచుతుంది. పట్టకం నుండి సప్తవర్ణాలు వెలువడేది ఇందువల్లనే. కటకంలోనూ ఇదే జరిగి, ఒక్కొక్క రంగు ఒక్కొక్క చోట కేంద్రీకృతమవుతుంది. దీనినే వర్ణ విపథనం అంటారు. కటకాల దూరదర్శినికి ఈ దోషం తప్పదని భావించిన న్యూటన్ 1668లో దర్పణంతో పనిచేసే దూరదర్శినిని నిర్మించాడు. తరువాత 1730లలో ఇంగ్లండుకు చెందిన న్యాయవాది ఛెస్టర్ మూర్ హాల్, క్రౌన్ గాజు కుంభాకార కటకానికి ఫ్లింట్ గాజు పుటాకార కటకాన్ని జతచేసి దోషాన్ని చాలావరకు తగ్గించాడు. 1758లో జాన్ డోలాండ్ అటువంటి కటకానికి పేటెంటు పొందాడు. నేటి మేలైన లెన్సులలో తక్కువ విక్షేపణం గల ప్రత్యేక గాజును, కొన్నింటిలో ఫ్లోరైటు స్ఫటికాన్ని వాడుతున్నారు. అయినా దోషం పూర్తిగా పోదు. ఫిల్ము రోజులలో పోస్టుకార్డు సైజు ప్రింటులో దాగిపోయిన రంగు అంచు, నేడు తెరపై నూరు శాతం పరిమాణంలో చూడగానే బయటపడుతుంది.

నిర్ధారణ

రంగు అంచులు ముఖ్యంగా మూడు విధాలు.

మొదటిది పార్శ్వ విపథనం. ఇది ఫొటో మూలలలో ఎక్కువ, మధ్యలో ఉండదు. వస్తువుకు ఒక వైపు ఎరుపు, ఎదుటి వైపు ఆకుపచ్చ కలిసిన నీలం వంటి జంట రంగులు కనబడతాయి. అపెర్చర్‌ను తగ్గించినా ఇది పోదు.

రెండవది అక్షీయ విపథనం. ఇది ఫొటో మధ్యలో కూడా కనబడుతుంది. ఫోకస్ కుదిరిన స్థానానికి ముందున్న అంచులు ఊదాగా, వెనుకనున్నవి ఆకుపచ్చగా మారుతాయి. ఎఫ్/1.8 వంటి పెద్ద అపెర్చర్‌లో విజృంభించి, ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 వద్ద బాగా తగ్గుతుంది.

మూడవది మిరుమిట్లు గొలిపే వెలుగు పక్కనున్న నల్లని అంచును పట్టుకునే ఊదా చాయ. తెల్లని ఆకాశం ముందున్న చెట్టుకొమ్మలు, మెరిసే లోహపు అంచులు దీనికి నెలవులు. ఇందులో లెన్సు దోషానికి అధిక ఎక్స్‌పోజర్ తోడవుతుంది.

పరీక్షకు పరికరాలేవీ అక్కరలేదు. ఒకే వస్తువును ఫ్రేములో ఎడమ మూలన, మధ్యన, కుడి మూలన ఉంచి మూడు ఫొటోలు తీయాలి. మధ్యలో పెట్టగానే రంగు మాయమై, రెండు మూలలలో జంట రంగులు అటుదిటుగా మారితే అది పార్శ్వ విపథనం. తరువాత వస్తువును మధ్యలోనే ఉంచి అపెర్చర్‌ను క్రమంగా తగ్గిస్తూ మరికొన్ని తీయాలి. అప్పుడు తగ్గేది అక్షీయ విపథనం. ఎక్స్‌పోజర్ తగ్గించినప్పుడు తగ్గేది మూడవ రకం. వీటిలో దేనికీ లొంగక, వస్తువుపై అదే చోట నిలిచి ఉండే రంగు వస్తువుదే.

సవరణ

పార్శ్వ విపథనాన్ని కంప్యూటర్‌లో నిర్భయంగా సవరించవచ్చు. ఎరుపు, నీలం పొరల పరిమాణాన్ని ఆకుపచ్చ పొరకు సరిపోయేలా స్వల్పంగా మార్చితే రంగులు తమ స్థానాలకు చేరతాయి. నేటి కెమెరాలు, ఫోన్లు చాలావరకు ఈ పనిని తామే చేసుకుంటాయి. మిగిలిన రెండింటికి మాత్రం ఫొటో తీసేటప్పుడే జాగ్రత్తపడడం మేలు. అపెర్చర్‌ను ఎఫ్/8 ప్రాంతంలో ఉంచాలి. ఎఫ్/16 దాటితే వివర్తనం వల్ల ఫొటో అంతా మెత్తబడుతుంది. వెలుగుకు అడ్డంగా పలుచని తెల్లగుడ్డ కట్టి మెరుపును తగ్గించాలి.

అంచుల రంగును తొలగించే సాఫ్ట్‌వేర్ మీట కూడా ఉన్నది. అది రంగును స్వస్థానానికి చేర్చదు, వెలవెలబోయేలా చేస్తుంది. లెన్సు తెచ్చిన ఊదాకూ, చీర అంచులోని ఊదాకూ దానికి భేదం తెలియదు. కనుక దానిని అవసరమైన చోటికే పరిమితం చేసి, మూల ఫైలును చెక్కుచెదరకుండా భద్రపరచాలి.

ఆనాడు ఇంజనీరుగారి ప్రశ్న విన్న వెంటనే నేను ఆ మీటను చివరిదాకా జరిపాను. ఊదా అంతా పోయి ఫొటో ముచ్చటగా కనబడింది. ఆయన దానిని అంగీకరించక, మళ్లీ తీసుకురమ్మన్నారు. మరునాడు అతుకును ఫ్రేము మధ్యన ఉంచి, దీపానికి గుడ్డ కట్టి, ఎఫ్/8లో తీశాను. గొట్టం అంచున మెరిసిన ఊదా గీత మాయమైంది. అతుకు పక్కనున్న నీలం, ఊదా పట్టీ మాత్రం అలాగే నిలిచింది. నా ముచ్చటైన ఫొటోయే రికార్డుకు ఎక్కి ఉంటే, శుభ్రపరచవలసిన అతుకు నిర్దోషిగా నిలిచిపోయేది. ఆ సాయంత్రమే దానిని శుభ్రపరచారు.

ఇంటి వేడుకల ఫొటోలకైనా, కార్మాగార రికార్డులకైనా సూత్రం ఒక్కటే. ముందు ఆ రంగు ఎవరిదో తేల్చుకొని, ఆ తరువాతనే దాని మీద చేయి వేయాలి.