మదర్‌బోర్డు పోతే డేటా పోయినట్టేనా?

మదర్‌బోర్డు కాలిపోయినా హార్డ్ డిస్కులు బాగుంటే డేటా ఎక్కడికీ పోదు. కానీ ఆ డిస్కులు రెయిడ్ 0 పద్ధతిలో ఒకటిగా కలిసి ఉంటే, ఒకదాన్ని ఊడదీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినంత మాత్రాన ఫైళ్లు రావు.

రెయిడ్ 0 డేటాను ముక్కలు చేసి డిస్కులకు వంతులవారీగా పంచుతుంది. ముక్క సైజు 128 కిలోబైట్లయితే 4 మెగాబైట్ల ఫొటో 32 ముక్కలవుతుంది: దీంట్లో 16, దాంట్లో 16. ఒక డిస్కు చెడితే మిగిలేది సగం ఫొటో కాదు, ఒకటి విడిచి ఒకటి ఖాళీలు. అదృష్టం బాగుంటే పైన సన్నటి పట్టీ కనబడుతుంది, అంతే. ఏడాదిలో ఒక్కో డిస్కు చెడే అవకాశం 5 శాతం అనుకుని లెక్కేస్తే, రెండు డిస్కుల జతకు ముప్పు 9.75 శాతం, నాలుగింటికి 18.5. 1988లో బర్క్‌లీకి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రాసిన పత్రంలో రెయిడ్ రకాలు 1 నుంచి 5 వరకే. భద్రత ఏమీ లేని ఈ 0 తర్వాత చేరింది. వేగం కోసం పెట్టుకున్నవాళ్లు చాలాసార్లు ఈ లోటును పట్టించుకోరు.

డిస్కులన్నీ బతికుంటే మాత్రం ఆశ గట్టిదే. ఇంటెల్ చిప్‌సెట్ రెయిడ్ తన వివరాలను డిస్కుల చివర్లోనే రాసి ఉంచుతుంది. అదే కోవ బోర్డుకు డిస్కులన్నీ కలిపి తగిలిస్తే చాలాసార్లు గుర్తుపడుతుంది. లైనక్స్‌లోని ఎండీఏడీఎం అనే సాధనం కూడా ఆ వివరాలను చదవగలదు. ‘ఇనిషియలైజ్ చేయాలా’ అని విండోస్ అడిగితే వద్దనాలి. కొత్తగా రెయిడ్ సృష్టించడం అంతకంటే ప్రమాదం.

అన్నిటికంటే ముందు డిస్కులకు నకళ్లు తీయాలి. సెకనుకు సగటున 150 మెగాబైట్ల చొప్పున 1 టెరాబైట్ డిస్కుకు 1 గంట 51 నిమిషాలు. అలాంటి రెండు డిస్కులకు కలిపి 2 టెరాబైట్ల ఖాళీ కావాలి, బయటపడే ఫైళ్లకు చోటు వేరే. ఆ పైన ఏ ప్రయోగమైనా నకళ్ల మీదే.

డిస్కుల చివరి వివరాలు చెరిగిపోతే డిస్కుల వరుసనూ ముక్క సైజునూ ఊహించాలి. నాలుగు డిస్కులకు 24 వరుసలు, 4 నుంచి 1024 కిలోబైట్ల దాకా 9 సైజులు: మొత్తం 216 కలయికలు. పార్టిషన్ పట్టిక ఉన్నదే మొదటి డిస్కని పట్టుకుంటే 54కు తగ్గుతాయి. సాఫ్ట్‌వేర్‌కు ఇది పెద్ద పని కాదు, తప్పు సమాధానాన్ని నమ్మడమే చిక్కు. ముక్క సైజు తప్పినా కొన్ని చిన్న ఫైళ్లు చక్కగా తెరుచుకుంటాయి. అందుకే వందల మెగాబైట్ల వీడియోలు కొన్ని తీసి, మధ్యనుంచీ చివరనుంచీ ఆడించి చూడాలి.